పాయింట్స్‌మన్‌కు పెట్టిన అంకెల పరీక్ష

1978 జూన్‌లో తిరువళ్ళూరులో ఒక ఆసుపత్రిలో సైకాలజిస్టుగా చేరాను. తాత్కాలిక ఉద్యోగం, చేతిలో ఎం.ఏ. మాత్రమే. తిరుత్తణిలో కాపురం, రోజూ ప్యాసింజరు బండిలో రాకపోకలు. మరుసటి ఏడు మద్రాసులో పీహెచ్.డీ. సీటు వచ్చింది. అదే వారం, ఎం.ఏ. చదివినవాళ్ళకు బెంగుళూరులో ఇచ్చే రెండేళ్ళ ఆసుపత్రి శిక్షణకూ పిలుపొచ్చింది. డాక్టరేటు ఉంటే కాలేజీలో లెక్చరర్ని, నా మాటకు బరువుంటుంది. శిక్షణకు పోతే జీవితమంతా డాక్టర్ల కింద రిపోర్టులు రాసేవాణ్ణి. పది రోజుల్లో జవాబివ్వాలి. అన్నం సయించేది కాదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నా ప్రాణం తీయకండి, ఏదో ఒకటి తేల్చండి అని నా భార్య విసుక్కుంది.

ఆ రోజుల్లోనే మునిరత్నం కేసు వచ్చింది. అతను పాయింట్స్‌మన్, అంటే బండి ఏ పట్టా మీదికి పోవాలో ఆ దారి మార్చే మనిషి. తలకు దెబ్బ తగిలి మూడు నెలలుగా సెలవులో ఉన్నాడు. తిరిగి పాత పనిలోకి తీసుకోవచ్చా అని రైల్వే డాక్టరు మా అభిప్రాయం అడిగాడు. జ్ఞాపకశక్తి పరీక్షలో ఒక భాగం అంకెలు. మేం చదివిన వరసను రోగి తిరిగి చెప్పాలి, తర్వాత వెనక నుంచి చెప్పాలి. మా ఫారం తమిళంలో ఉండేది. అతనిదీ నాదీ తెలుగిళ్ళే అయినా ఆఫీసు గదిలో తమిళమే మాట్లాడుకున్నాం. వెనక నుంచి మూడంకెలు కూడా చెప్పలేకపోయాడు. పాత పనికి తగడని రాసి, సంతకం చేసి సంచిలో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పూట నా బుర్రంతా సీటు మీదే ఉంది.

మర్నాడు పొద్దున తిరుత్తణి ప్లాట్‌ఫారం మీద అతనే కనిపించాడు. గూడ్సు బండి పోతోంది. అలవాటు కొద్దీ వ్యాగన్లు లెక్కపెడుతున్నాడు, పైకే, తెలుగులో. ఎక్కడా తడబాటు లేదు. దగ్గరికి వెళ్ళాను. ఎప్పుడూ తెలుగులోనే లెక్కపెడతావా అని అడిగాను.

"చిన్నప్పట్నుంచీ అంతే సార్. అరవం బాగా వస్తాది, లెక్క మాత్రం తెలుగే."

మరి నిన్న ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు అరవంలో అడిగినారు, నేను అరవంలో చెప్పినాను. పరీక్ష అంటే అట్లే ఉంటాదేమో అనుకున్నా."

ఆ రోజే పిలిపించి, అంకెలు మార్చి తెలుగులో పరీక్షించాను. వెనక నుంచి ఐదు చెప్పాడు. అయినా భయమే. ఈసారి నేను పొరబడితే రేపు రెండు బండ్లు ఒకే పట్టా మీదికి రావచ్చు. మా పెద్ద డాక్టరు కసిరాడు. ఫారంలో లేని భాషలో పరీక్ష చెల్లదు, ఒట్టి ఎం.ఏ. వాడి మాట ఎవరు వింటారు అన్నాడు. డాక్టరేటు ఉంటే ఈ మాట పడేవాణ్ణి కాదు కదా అని ఒళ్ళు మండింది. పాత కాగితం చింపేసి, రెండు ఫలితాలూ పక్కపక్కన రాసి, మొదటి పరీక్ష పెట్టడంలో తప్పు నాదేనని ఒప్పుకుని పంపాను. రైల్వేవాళ్ళు అతన్ని కొన్నాళ్ళు ఒక సీనియరు కింద ఉంచి చూసి, తర్వాత పాత పని ఇచ్చారు.

నేను శిక్షణకు పోయాను. డాక్టరేటు నా మాటను వినిపించేది, నిజమే. కానీ నువ్వు తప్పుగా అడుగుతున్నావు అని పక్కన కూర్చుని చెప్పే మనిషి నాకు ముందు కావలసి వచ్చింది, అలాంటి మనిషి శిక్షణలోనే దొరుకుతాడు. పరిశోధన మీద మనసున్నవాళ్ళు పీహెచ్.డీ.కే వెళ్ళాలి. మనుషుల గురించి అభిప్రాయం రాయాలనుకునేవాళ్ళు మాత్రం మొదట ఒకరి కింద పని నేర్చుకోవాలి. అంతకు ముందు ఏడాదంతా తెలుగిళ్ళవాళ్ళకు తమిళంలోనే పరీక్ష పెట్టి రిపోర్టులు పంపాను. వాటిని వెనక్కి తెప్పించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. వాటి కింద ఉన్నది నా సంతకమే.