పాతబడిన పసుపు ఉన్ని

నా సందూకలో ఏముందో నాకు కంఠతా వచ్చు. అయినా ఏడాదికోసారి, చలి మొదలవుతుందనగా, అంతా మంచం మీద బోర్లించి లెక్క చూసుకోందే నాకు తోచదు. ఆ రోజు ఎవరూ తలుపు దబాల్న తీయకూడదు, గాలికి దారాలు చిక్కుపడతాయి. "ఈ పీలిక ఎందుకు దాచావు" అని అడగకూడదు. అడిగినవాళ్లు నా నోటికి జడిసి పారిపోవాల్సిందే. ఈ పిచ్చి నాకు పదమూడో ఏట ఆదిలాబాదులో పట్టుకుంది, హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో.

మాది పత్తి ఊరు. మా నాన్న, బాపు, జిన్నింగు మిల్లులో గుమాస్తా. దసరా దాటిందంటే రోడ్డు నిండా పత్తి బండ్లే. బాపు మీసాల్లో పత్తి, మా అన్నంలో పత్తి. మెత్తటి కొత్త ఉన్ని మాత్రం మచ్చుకైనా కనిపించేది కాదు. పక్కింటి మావుషి దగ్గర తప్ప. మావుషి మరాఠీ ఆమె. భర్తది రైల్వే పని, పాసు మీద నాగపూర్‌లో పుట్టింటికి పోయి వచ్చినప్పుడల్లా ఉన్ని తెచ్చుకునేది. నాకు అల్లిక నేర్పింది ఆమే. సీదా ఒక వరస, ఉల్టా ఒక వరస, తప్పితే వేళ్ల మీద ఒకటి. తిట్లు తింటూ, దెబ్బలు తింటూ నేర్చుకున్నాను. ఆ వేసవిలో ఆమె ఉన్ని అంతా నేను ఉండలు చుట్టి పెట్టినందుకు ఐదు లచ్చీల కొత్త ఉన్ని నా ఒళ్లో వేసింది. పసుపు రంగు, అచ్చం ముద్దబంతి పసుపు. ఒక్కో లచ్చీ నా జడంత పొడుగు. చెంపకు ఆనించుకుంటే తీయబుద్ధయ్యేది కాదు. రోజూ తీసి చూసి మళ్లీ పెట్టేదాన్నే గానీ ఒక్క పోగు కత్తిరించలేదు. అంత మంచి ఉన్ని దేనికి వాడాలో తేలలేదు.

అక్క వచ్చిన రోజు తేలింది. అక్కను కరీంనగర్‌లో ఇచ్చాం. కార్తీకంలో బావ బస్సులో తీసుకొచ్చి దింపి పోయాడు. ఏడో నెల. దారిలో కొండగట్టు దిగి మొక్కి వచ్చారట, నుదుట సిందూరం ఇంకా ఉంది. అక్క కాళ్లు కడుక్కుని చాయ తాగేలోపే నా మనసులో స్వెటర్, టోపీ, మేజోళ్లు అన్నీ తయారైపోయాయి. కాన్పు పుష్యమాసం చివర. ఆదిలాబాదు పుష్యమంటే బిందెలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. అంత చలిలోకి వచ్చే మనిషికి చిన్నమ్మ ఒట్టి చేతులతో ఎదురుపోతుందా? సందూక ఈడ్చుకొచ్చి మంచం మీద బోర్లించాను.

అబ్బ, ఎంత సరుకు! బాపు పాత స్వెటర్ విప్పిన కాఫీ రంగు ఉన్ని రెండు ఉండలు. ఊదా రంగు సగం ఉండ. గొంగళ్లు అమ్ముకునే కురుమామె కొసరుగా ఇచ్చిన నల్ల గొర్రె ఉన్ని. రేషం దారాలు పదకొండు రంగులు, అందులో చిలకపచ్చ మూడు మూరలే మిగిలింది. పూసలు, చెంకీలు, జత కుదరని గుండీలు, జరీ అంచు ముక్కలు. గొడుగు పుల్ల వంచి చేసుకున్న కొక్కెం. సన్న పనికి నాలుగు సైకిల్ పుల్లలు. లావు పనికి వెదురు పుల్లలు ఒక జత, గాజు పెంకుతో గీకి ఆముదం రాసి నేనే నున్నగా చేసినవి. ఉన్ని ఎంతుందో తెలియడానికి మంచం కోళ్ల చుట్టూ తిప్పి చుట్లు లెక్కపెట్టాను. బాపు సగం వాడి పారేసిన ఉర్దూ కాపీ పుస్తకం ఒకటి ఉండేది. ఉర్దూ ఆ వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి ఈ వైపు పేజీలన్నీ నావే. అందులో రాసుకుంటూ పోయాను. పసుపు, ఐదు లచ్చీలు, కొత్తది. స్వెటర్‌కు మూడు, టోపీకి ఒకటి, మేజోళ్లకు ఒకటి. లెక్క అతికినట్టు సరిపోయేసరికి మంచం మీదే ఎగిరాను. నులక ఒక పురి పుటుక్కున తెగింది.

ఆ చప్పుడుకు బాపు తల్లి, మా బాపమ్మ, నశ్యం డబ్బీ పట్టుకుని వచ్చింది.

"ఏందే గీ అంగడి?"

"అక్క బిడ్డకు సూటర్ అల్లుత బాపమ్మా!"

బాపమ్మ ముఖం మారిపోయింది. నా చేతిలో పుల్లలు గుంజుకుంది.

"ముట్టకు! కడుపుల ఉన్నదానికి కొత్త బట్టలు జేస్తరా ఎవలన్న? పుట్టినంక గూడ ఇరవయ్యొక్క దినాలు పాత బట్టలే. తొట్టెల్ల ఏసేదాక కొత్త పోగు ఒంటికి తాకొద్దు."

ఈ కట్టడి ఊళ్లో అన్ని ఇళ్లలోనూ ఉండేదే. మా ఇంట్లో మాత్రం దాని వెనక ఒక దెబ్బ ఉంది. రెండేళ్ల ముందు అక్క మొదటి కాన్పుకు మా అమ్మ, అవ్వ అంటాం మేము, ఆగలేక ముందే పట్టు టోపీ, జుబ్బాలు కుట్టి పెట్టింది. పిల్లవాడు తొమ్మిది రోజులే ఉన్నాడు. అవ్వ కుట్టినందుకే పోయాడని ఎవరూ పైకి అనలేదు. అవ్వ మాత్రం ఆ తర్వాత సూది పట్టలేదు. బాపు చొక్కా గుండీ ఊడినా నేనే కుట్టాలి. ఇప్పుడు అక్క మళ్లీ వచ్చి కూర్చుంటే ఇంట్లో ఎవరి నోటా బిడ్డ అన్న మాట రాదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో ఆలూ ఉంది, చూలూ ఉంది, పేరెత్తితేనే నేరం. ఎత్తింది నేనొక్కదాన్నే. అక్క గోడకు ఆనుకుని అంతా విన్నది. కడుపు మీద కొంగు సరిగ్గా కప్పుకుంది.

నాకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. పాత బట్టలంటే ఏమిటి? అరిగిపోయిన నూలు పంచె ముక్కలు. మొదటి పిల్లవాడు కూడా చలికాలంలోనే పుట్టాడు, ఆ ముక్కల్లోనే ఉన్నాడు. వాడు చలికే పోయాడేమో అని నాకు గట్టి అనుమానం. ఎవరితోనూ అనలేదు. ఈసారి వచ్చేవాళ్లకు చలి తగలనివ్వకూడదని మాత్రం పంతం పట్టాను.

మర్నాడు మళ్లీ సందూక బోర్లించాను. అల్లొద్దన్నారు గానీ లెక్క చూడొద్దనలేదు కదా! ఈసారి కాపీలో నడిమికి గీత గీసి పాతవి ఒక పక్క, కొత్తవి ఒక పక్క రాశాను. పాత పక్కన ఉన్నవి ఒక్కొక్కటే పరీక్ష చేశాను. నల్ల ఉన్ని మెడకు రుద్దుకుంటే దద్దుర్లు లేచాయి. కాఫీ రంగుది పురుగు కొట్టి మూర మూరకూ తెగుతోంది. దాంతో అల్లితే స్వెటర్ కాదు, ముడుల మూట అవుతుంది. ఊదా సగం ఉండ ఒక మేజోడుకు సరి, రెండో కాలికి లేదు. మెత్తనిది, సరిపోయేంత ఉన్నది పసుపు ఒక్కటే, అదేమో గీతకు ఆవలి పక్కన కూర్చుంది. దాన్ని ఈ పక్కకు తేవడం ఎట్లా?

బాపమ్మ ఎండలో కూర్చుని ఉంటే పోయి కాళ్లు పిసికాను. నేను అడక్కుండా కాళ్లు పిసికితే ఏదో ఉందని ఆమెకు తెలుసు.

"బాపమ్మా, బట్ట పాతగ కావాలంటే ఎన్ని దినాలు కట్టాలె?"

"దినాలేంది? ఒకలు కట్టి ఇడిస్తే పాతదే. గంతే."

ఒకలు కట్టి విడిస్తే చాలు! పిసికే కాళ్లు అక్కడే వదిలేసి మావుషి ఇంటికి పరుగు. ఐదు లచ్చీలూ పెట్టి పెద్దవాళ్లు కట్టుకునే మఫ్లర్ అల్లుతాను. అందరూ తలా ఒకసారి కట్టుకుని విడుస్తారు. ఉన్ని పాతబడుతుంది. కాన్పు కాగానే దాన్ని విప్పేసి, అదే ఉన్నితో స్వెటర్ అల్లేస్తాను. మావుషి విని "కాయ్ డోకం ఆహే పోరీచం!" అని, ఏం బుర్రే నీది అని పడీ పడీ నవ్వింది. విప్పిన ఉన్ని మెలికలు తిరుగుతుంది, తడిపి కింద లోటా కట్టి వేలాడదీస్తే సాపు అవుతుందని ఉపాయం కూడా చెప్పింది. బాపమ్మ నన్ను కిందికీ మీదికీ చూసి, "మందికైతే అల్లుకో, నాకేంది" అంది. ఎనిమిది రోజులు. బడి నుంచి రావడం, వెదురు పుల్లలు పట్టడం. వేలు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని అల్లాను.

తర్వాత మఫ్లర్‌కు పని పెట్టాను. మొదట బాపు. మెడకు పసుపు మఫ్లర్ చుట్టుకుని మిల్లుకు పోతే అక్కడివాళ్లు "ఏం సారూ, మల్ల పెండ్లికొడుకువైనవా" అన్నారట. సాయంత్రానికి దాని నిండా పత్తి. నేను ఒక్కో నూగూ ఏరాను. మావుషి కట్టుకుని స్టేషన్ దాకా పోయి వచ్చింది. అవ్వ తలకు చుట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. ఎవరెవరు కట్టుకున్నారో కాపీలో రాసుకున్నాను. నాకు పోలీసు పటేల్ అని పేరు పెట్టారు, పెట్టుకోనీ.

మిగిలింది బాపమ్మ. ఇస్తే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకొద్దు బిడ్డా. పసుపు రంగు. మొగడు లేనిదాన్ని, నేను కట్టినంక అది పసిగుడ్డుకు తాకొద్దు."

మఫ్లర్ మడత పెట్టబోయాను. అప్పుడు అక్క గోడ పట్టుకుని లేచింది. మెల్లగా నడిచి వచ్చి నా చేతిలో మఫ్లర్ తీసుకుని బాపమ్మ మెడ చుట్టూ రెండు చుట్లు వేసింది.

"నువ్వే కట్టాలె బాపమ్మా. మా అందరికన్న ఎక్కువ ఏండ్లు బతికినదానివి నువ్వే. నా బిడ్డకు నీ ఏండ్లు గావాలె."

నా బిడ్డ అంది. వచ్చాక మొదటిసారి అంది. బాపమ్మ అక్క చెంపలు నిమిరి, ఎండలోకి పోయి కూర్చుంది. పొయ్యి దగ్గర అవ్వ ముక్కు చీదుకోవడం వినిపించింది. నాకు సంతోషం పట్టలేక ఇంటి చుట్టూ మూడు సార్లు ఉరికాను.

ఇక్కడే నా తిప్పలు మొదలయ్యాయి. కట్టి విడవాలి కదా, బాపమ్మ విడవదు! స్నానానికి తీసి మళ్లీ చుట్టుకుంటుంది. నశ్యం వాసన, వేపనూనె వాసన, పొగ వాసన అన్నీ దానికే. "ఇయ్యి బాపమ్మా, పాతగైంది" అంటే, "ఇంక జర పాతగానియ్యి, నీకేం ఫికర్" అంటుంది. కాన్పుకు ఇంకా రెండు వారాలుందని నేనూ ఊరుకున్నాను.

లెక్క అక్కడ తప్పింది. పుష్యం నడుమ ఒక పొద్దున, మబ్బు పట్టి సూర్యుడు కనిపించని రోజు, అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చింది. నేను గడప బయట వెదురు పుల్లలు పట్టుకుని నిలబడ్డాను. లోపల ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు! "ఆడపిల్ల" అన్నారు. మంత్రసాని బయటికి చెయ్యి చాపి బట్ట అడిగింది. అవ్వ నూలు గుడ్డలు అందించింది. "ఇవి చాలయ్, సల్లగున్నయ్" అంది మంత్రసాని. బాపమ్మ తన మెడలోంచి మఫ్లర్ సర్రున లాగి లోపలికి ఇచ్చింది. ఆమె ఒంటి వేడి ఇంకా దానికి ఉంది. కాసేపటికి చూపించారు. పసుపులోంచి ఎర్రటి ముఖం ఒక్కటే బయటికి ఉంది.

విప్పడం ఎక్కడ కుదురుతుంది? పిల్ల దాంట్లోనే పడుకునేది. తడిపితే పొయ్యి దగ్గర ఆరబెట్టి మళ్లీ దాంట్లోనే చుట్టేవాళ్లు. నేను రోజుకు పదిసార్లు పోయి దాని పాదాలు పట్టి చూసేదాన్ని. వెచ్చగా ఉండేవి. తొమ్మిదో రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. పదో రోజు పొద్దున పిల్ల ఏడ్చి అందరినీ లేపింది. బాపు ఆ రోజు మిల్లుకు ఆలస్యంగా పోయాడు.

ఇరవయ్యొకటో రోజు నాడు తొట్టెల. బావ తెచ్చిన కొత్త గౌను తొడిగారు. బాపమ్మ మఫ్లర్ తెచ్చి నా ఒళ్లో వేసింది. "ఇంద, నీ దారం నువ్వు ఇప్పుకో. నా పానం తిన్నవు గదా."

కొస వెతికి ముడి విప్పి లాగాను. ఒక వరస గిరగిరా ఊడి వచ్చింది. తొట్టెలో పిల్ల ఏడుపు అందుకుంది. మావుషి పాట పాడింది, బావ ఊపాడు, ఆగలేదు. అక్క లేచి నా ఒళ్లోంచి మఫ్లర్ తీసుకుని పిల్ల మీద కప్పింది. ఏడుపు ఆగిపోయింది.

"ఇగ ఇప్పకే. ఇది నా బిడ్డది" అంది అక్క.

కొస ఊడి వేలాడుతోంది, అట్లాగే వదిలేస్తే మొత్తం ఊడిపోతుంది. నేను సూదికి ఉన్ని ఎక్కిస్తున్నాను. పక్కన ఒక చెయ్యి చాపి ఉంది. అవ్వది.

"ఇటియ్యి. నేను కుడ్త."

ఇచ్చాను. అవ్వ తొట్టె పక్కన నేల మీద కూర్చుని, పిల్ల మీద ఉన్న మఫ్లర్‌ను అట్లాగే ఉంచి, విడిపోయిన అల్లిక కన్నులన్నీ ఒక్కొక్కటే సూదితో పట్టి బిగించింది. రెండేళ్లు సూది పట్టని చెయ్యి ఒక్క కన్ను కూడా జారవిడవలేదు. మిగిలిన పోగు పంటితో తెంచి నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం కాపీ తీసి, కొత్త పక్కన ఉన్న ఐదు లచ్చీలూ కొట్టేసి, పాత పక్కన రాశాను. పసుపు, మూరెడు. సందూక బోర్లించినప్పుడు ఇప్పటికీ మొదట దాన్నే వెతుకుతాను. అది దొరికాకే తక్కినవి లెక్కపెడతాను.