మొగ దగ్గర బారన్నర

విజయనగరంలో ఉదయం పనికి ఆటోలో వెళ్తుంటే డ్రైవరు రేడియో స్టేషన్లు మారుస్తుంటాడు. ఒక పాట తెగి ఇంకో గొంతు దొరికేలోపు వచ్చే ఆ గరగర చెవిన పడగానే నా బొటనవేలు దానంతటదే మిగతా వేళ్ల కణుపుల మీద నడుస్తుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగు దాటితే నాకు కంగారు. మా కాలేజీ రేడియోలో నాలుగు సెకన్లకు మించి నిశ్శబ్దం ఉండకూడదని నియమం. ఆ నియమం పెట్టిన పైడమ్మ గారు ఇప్పుడు లేరు. నా వేళ్లకు ఆ సంగతి ఇంకా తెలియదు.

శ్రీకాకుళం అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న కాలేజీ మాది. విద్యార్థులం నడిపిన ఆ రేడియో పన్నెండు కిలోమీటర్ల మేర వినిపించేది. పైడమ్మ గారు తెలుగు లెక్చరరు, రేడియోకి ఇన్‌ఛార్జి. భావనపాడులో చేపల గంప మోసిన తల్లికి కూతురు. నేనేమో పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పినవాణ్ని. తర్వాత బస్సు కిటికీ పక్కన కూర్చుని, కిలోమీటరు రాళ్ల మధ్య సెకన్లు లెక్కపెట్టి వేగం కట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. మొదటిరోజు ఆవిడ ఒక కాగితం నా ముందు పెట్టి, "ఇది సదవడానికి ఎంతసేపు పడతాది?" అన్నారు. ఒకసారి చూసి నిమిషం పన్నెండు సెకన్లన్నాను. గడియారం పెట్టుకుని పైకి చదివారు. నిమిషం పద్నాలుగు పట్టింది. "ఆ రెండూ ఊపిరికి పోనాయి. ఒరే నారాయుడూ, నువ్విక్కడే ఉండు" అన్నారు. నా లెక్కను ఒకరు నమ్మడం అదే మొదలు.

రోజూ సాయంత్రం నాలుగింటికి తీరం ఊళ్ల కోసం రెండు నిమిషాల సముద్రం కబురు చదివేవాళ్లం. గాలి ఎంత, అల ఎంత. ఒకనాడు ఎర్రయ్య అనే పెద్దాయన స్టూడియోకి సైకిలు మీద వచ్చాడు. "మీటరంటే ఏటి తల్లీ? మాకు బారల్లో సెప్పండి" అని రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు. వాళ్లు నీటిని కొలిచేది ఆ కొలతతోనే. నాకు ఉత్సాహం వచ్చింది. అన్నిటినీ బారల్లోకి మార్చేశాను.

ఒక రోజు నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అల రెండు పాయింటు ఏడు మీటర్లని వాతావరణ శాఖవాళ్లు చెప్పారు. బారన్నర. రాసి చూస్తే కబురు రెండు సెకన్లు ఎక్కువైంది. 'అలల ఎత్తు' అన్న రెండు మాటలు పై వాక్యంలో ఉన్నాయి కదా అని ఇక్కడ కొట్టేశాను. 'మొగ దగ్గర బారన్నర' అని మిగిలింది. సరిగ్గా రెండు నిమిషాలకు ముగిసినందుకు సంతోషపడ్డాను. తీరంలో మాత్రం మొగలో బారన్నర లోతు నీరుంది, పడవ సుఖంగా దాటుతుంది అని అర్థం చేసుకున్నారు. మూడు పడవలు బయలుదేరాయి. రెండు అలను చూసి వెనక్కి తిరిగాయి. ఎర్రయ్య పడవ తిరగబడింది. మనుషులు ఈదుకుని వచ్చారు. వల పోయింది. ఎర్రయ్య భుజం జారింది.

ఇక పాటలు వేసుకోండి చాలు, సముద్రం జోలికి వెళ్లొద్దన్నారు ప్రిన్సిపాలు. "వినేవాళ్లు ఆపమంటే ఆపుతాం సార్. వాళ్లని అడిగి వస్తాను" అన్నారు పైడమ్మ గారు. మర్నాడు పొద్దున్నే తన స్కూటరు వెనక నన్ను కూర్చోబెట్టుకుని తీరానికి తీసుకెళ్లారు. చేతికి కట్టుతో ఎర్రయ్య ఇంటి అరుగు మీద ఉన్నాడు. "నువ్వే సెప్పు" అన్నారు పైడమ్మ గారు నాతో.

"రెండు సెకన్లు ఎక్కువైందని మాటలు కొట్టేశాను మావా."

"రెండు సెకన్లా? నేను నీట్లో ఎంతసేపున్నానో లెక్కెట్టావేటి?"

ఎర్రయ్య భార్య లోపలి నుంచి వచ్చింది. "బారంటే లోతుకిరా బాబూ. అలని బారతో ఎవుడైనా కొలుస్తాడేటి? ఎత్తయితే మడిసితో సెప్పు. మడిసెత్తు, మడిసిన్నర ఎత్తు. ములిగేది ఎవులో అప్పుడు తెలుస్తాది."

"ఆపేయమంటావా మావా?" అని పైడమ్మ గారు అడిగారు. ఎర్రయ్య కట్టు సర్దుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. "ఆపితే మల్లీ మాకెవుడు సెప్తాడు? సెప్పండి. గానీ ముందు నాకోపాలి ఫోన్లో సదవండి. నాకేటి తెలిసిందో నేను తిరిగి సెప్తాను."

ఆ సాయంత్రం నా తప్పును నేనే మైకు ముందు చదివాను. నలభై ఒక్క సెకన్లు పట్టింది. కబురు ఆ మేరకు పొడుగైంది. పైడమ్మ గారు ఒక్క మాట కూడా తగ్గించమనలేదు.

ఆ తర్వాత రోజూ నాలుగింటికి ఇరవై నిమిషాల ముందు ఎర్రయ్యకు ఫోను. నేను చదివేవాణ్ని, అతను తిరిగి చెప్పేవాడు. తేడా వస్తే కబురే మార్చేవాళ్లం. కొన్ని నెలలకు మూడు పాయింటు ఆరు మీటర్లన్న రోజొకటి వచ్చింది. "మడిసి మీద మడిసి నిలబడినంత అల" అని రాసుకుని ఫోనులో చదివాను. "ఈ పూట పడవ తియ్యకూడదన్నావు. తియ్యను. పక్కోళ్లకీ సెప్తాను" అన్నాడు. అదే మైకులో చదివి, పైడమ్మ గారూ నేనూ స్కూటరు మీద తీరానికి వెళ్లాం. గాలికి ఇసుక ముఖాన కొడుతోంది. ఆ ఊరి పడవలు ఇరవై ఆరు.

"ఒడ్డున ఎన్నున్నాయిరా?" అన్నారు.

"ఇరవై ఆరు మేడం."

"మల్లీ లెక్కెట్టు."

మళ్లీ ఇరవై ఆరే. ఆవిడకు అనుమానమేమో అనుకున్నాను. పక్కకు చూస్తే నవ్వుతున్నారు. ఆ అంకె రెండోసారి వినాలని అడిగారంతే.

ఇప్పుడు నేను ఇళ్లు కట్టేవాళ్లకు కొలతల లెక్కలు వేసి బతుకుతున్నాను. ఏ కొలత ఇచ్చినా తిరిగి చెప్పమంటాను. "ఏటి బాబూ, పరీక్షలెడతన్నారా?" అని తాపీమేస్త్రీలు నవ్వుతారు, కానీ చెబుతారు. పోయిన వారం ఒక మేస్త్రీ మెట్ల ఎత్తు తిరిగి చెబుతూ గచ్చు మీది నుంచి అన్నాడు. నేనిచ్చింది గచ్చు వేయకముందు కొలత. ఆ మాట కాగితంలో రాయలేదు. తప్పు నాదేనని చెప్పి, అక్కడే నిలబడి ఆ మాట కలిపి రాసి ఇచ్చాను. అతను రెండోసారి చదివి వినిపించాడు. సరిపోయింది. ఇరవై ఆరు, అనుకున్నాను.