తొడ మీద తాళం

రాయవే చిన్నీ, ఒక్క ముక్క వదలకు. ఎనభైల్లో అమెరికాలో, ఎడిసన్‌లో ఉన్న మా అన్నయ్య నన్నూ మీ తాతయ్యనీ ఒక కచేరీకి తీసుకెళ్ళాడు. నలుగురు బ్రెజిల్ వాళ్ళు నాలుగు గిటార్ల మీద వాళ్ళ శాస్త్రీయ సంగీతం వాయిస్తున్నారు. నా చెయ్యి ఊరుకుంటుందా? తొడ మీద తాళం వేశాను. మీ తాతయ్య నా చెయ్యి నొక్కిపట్టి, "పరువు తియ్యకే! ఇక్కడ కదలకుండా వినాలి" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. అయినా చెయ్యి కొంగులో దాచుకున్నాను.

అయిపోయాక వాయించినవాళ్ళలో ఒకాయన తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. "ఎందుకాపేశారమ్మా? మీ చెయ్యి చూస్తూనే వాయిస్తున్నా. మా ఊళ్ళో ఎవరూ చేతులు కట్టుకుని వినరు" అన్నాడట, అన్నయ్య తెలుగులో చెప్పాడు.

వెంటనే మీ తాతయ్య పళ్ళికిలించి, "మై వైఫ్! మై వైఫ్!" అన్నారు.

రాశావా? చెయ్యి నొక్కిపట్టిన చోట కింద గీత గియ్యి. వెళ్ళి ఆయనకి గట్టిగా చదివి వినిపించు.