నేస్తం పేరు రాసిన సభ

భూముల సర్వే కోసమని పోలీసులు మా ఊరి బడిలో క్యాంపు వేసి అప్పటికి ఐదు నెలలు. పొలానికి వెళ్ళాలన్నా ఆధార్ కార్డు చూపించాలి. ఊరి సభ ఒక తీర్మానం చేసింది: క్యాంపుకు నీళ్ళు, పాలు, తిండి ఎవరూ ఇవ్వకూడదు, ఇచ్చినవారి పేరు పుస్తకంలో ఎక్కుతుంది, వారిని వెలివేసినట్టే, వారి గడప ఎవరూ తొక్కరు. దాన్ని రాసింది నేనే. రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, సర్వేను అడ్డుకున్నందుకు ఊరివాళ్ళ మీద పెట్టిన కేసుల కాగితాలన్నీ నా దగ్గరే ఉంటాయి. ప్రతి షరతునూ రెండుసార్లు చదివి వినిపించాను.

ఆ పుస్తకంలో మొదట ఎక్కవలసిన పేరు నా నేస్తానిదే అయింది.

మా ప్రాంతంలో నేస్తం కట్టడమంటే మామూలు స్నేహం కాదు. పదేళ్ళ వయసులో, అమ్మవారి పండుగనాడు, పెద్దలు మా ఇద్దరిచేతా కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకునేలా చేశారు. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే బంధం తెగినట్టే. అరవై ఏళ్ళుగా అతని పేరు నా నోట రాలేదు. నా డైరీల్లోనూ లేదు.

నేస్తం క్యాంపుకు గంజి పట్టుకెళ్ళడం చూశానని సభలో పాలకేంద్రం ఆయన లేచి చెప్పాడు.

"ఎల్లినాను," అన్నాడు నేస్తం. "ఆ కానిస్టేబులుకి జొరం. మంచం దిగనేకపోతన్నాడు. గంజినీళ్ళు పోసినాను. తుపాకీ ఇచ్చినట్టు సూస్తన్నారేటి?"

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"మాస్టారూ, రాయండి," అన్నాడు సభ పెద్ద.

"జ్వరపడినవాడికి గంజి పోయడం కూడా నేరమేనా?" అన్నాను.

"జొరమొచ్చినోడికి ఇవ్వొచ్చని తీర్మానంలో రాసినారేటి? సూపించండి."

తిరగేశాను. లేదు. ఉద్యోగమంతా పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి, రోగుల్ని మినహాయించాలని నాకే తోచలేదు. రాయనన్నాను. అయితే నా పేరూ ఎక్కాలన్నారు.

నేస్తమే దగ్గరికొచ్చాడు. "రాసీ నేస్తం. నన్ను ఎలేస్తే పోయేదేటి? నిన్ను ఎలేస్తే ఊరోల్ల బెయిలు కాగితాలు ఎవులు సూస్తారు?"

రాశాను. ఇంటిపేరు, తండ్రి పేరు, అతని పేరు. సాక్షులు వరుసగా సంతకాలు పెట్టారు. అతని సొంత తమ్ముడు కూడా. చివరికి నేస్తమే వేలు చాచి తన పేరు పక్కన ముద్ర వేశాడు.

"అయిపోనాదా మాస్టారూ?" అన్నాడు.

అతని నోట ఆ పిలుపు అంతకుముందెన్నడూ వినలేదు. బడిని ఆక్రమించినవారు చేసిన పని కాదది. మేం చేసింది, నా చేతిరాతతో చేసింది.

రోగులకు మినహాయింపు కోరుతూ సవరణ రాసి మూడు సభల్లో చదివాను. ఒక్క చెయ్యీ లేవలేదు. నిన్న పొద్దున పుస్తకంలో అతని పేరు కింద నా పేరు నేనే రాసి, సంతకం పెట్టి, అతని ఇంటికి వెళ్ళాను.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "నీకు బుర్రుందేటి? బేస్తారం కోర్టు వాయిదా ఎట్టుకుని ఇక్కడికొచ్చినావా? ఎల్లు, ఎల్లి కాగితాలు సూసుకో!"

కాగితాల సంచీ వెంటే తెచ్చాను. అతని అరుగు మీద కూర్చుని విప్పాను.