పెదనాన్నగారి ప్రొఫెసరు ఉద్యోగం

పోయిన వారం ఆయాసంగా ఉందని గుంటూరులో ఆసుపత్రికి వెళ్ళి నా వంతు కోసం కూర్చున్నప్పుడు, నాకు ముందున్న మిరప కూలీతో కుర్ర డాక్టరు తల ఎత్తకుండానే "ఆ మిరపకాయల పని మానెయ్యమ్మా" అంటే, ఆవిడ "మానేస్తే తినేదేంది బాబూ" అని నవ్వేసి, మందుల చీటీ అందుకుని వెళ్ళిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాటా, ఆ జవాబూ అరవై ఏళ్ళ కిందట మా పెదనాన్నగారి గదిలో రోజూ విన్నవే. వాటికి విరుగుడు వెతకాలని ఆయన పడ్డ తాపత్రయం ఎలా వృథా అయిందో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెదనాన్నగారు ఊపిరితిత్తుల వైద్యంలో పేరు మోసిన మనిషి. పొన్నూరు, చీరాల, అటు సింగరాయకొండ నుంచి కూడా జనం పొద్దున్నే బండెక్కి ఆయన దగ్గరికి వచ్చేవారు. టైపు హయ్యరు పాసైన నేను వాళ్ళింట్లోనే ఉంటూ ఆయన ఇంగ్లీషు ఉత్తరాలన్నీ కొట్టిపెట్టేదాన్ని. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆ ఎండాకాలంలో, ఎక్కడో దూరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయం వారు, కొత్తగా తెరవబోయే శాఖకు ప్రొఫెసరుగా రావలసిందని ఎంతో మర్యాదగా ఆయనకు రాశారు. పెదనాన్నగారు ఆ ఉత్తరాన్ని భోజనాల దగ్గర పెద్దమ్మకు రెండుసార్లు చదివి వినిపించారు. వెళితే నన్నూ గుమాస్తాగా తీసుకెళతానన్నారు. నా సొంత జీతం, నాకో కొత్త ఊరు అనుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయన కోరింది ఒక్కటే: మిరప ఘాటుకు, పత్తి దూదికి ఊపిరి పాడైన కూలీల కోసం పది పడకలు, పక్కన ఒక పరిశోధన గది. దానికి వాళ్ళు జవాబివ్వకుండా, వయసు ధ్రువపత్రం, పట్టాల నకళ్ళు మూడేసి ప్రతులు పంపమన్నారు. ఆయన వ్యాసాలు చదివి పట్టాలు పుచ్చుకున్నవాళ్ళే ఆయనకు పట్టా ఉందో లేదో చూపించమన్నారన్నమాట! పంపాం. మళ్ళీ ఇంకేదో ఫారం. పెదనాన్నగారూ తక్కువ వారేమీ కాదు. "కోరుతున్నాను" అని కొట్టించిన ఉత్తరాన్ని "ఆశిస్తున్నాను" అని మార్పించి, సాయంత్రానికి మళ్ళీ మొదటి మాటే బాగుందనేవారు. కార్బను కాగితాలతో నా వేళ్ళు నల్లబడ్డాయే గాని వ్యవహారం అంగుళం కదల్లేదు. పెద్దమ్మ అయితే ఇత్తడి సామాను మూటలు కట్టడం, విప్పడం రెండుసార్లు చేసింది.

ఇంతలో ఊళ్ళో సంగతి పొక్కింది. మిరపకాయల కొట్లలో తొడిమలు తీసే ఒక ముసలావిడ, కుర్చీలో కూర్చుంటూనే నిలదీసింది.

"ఏమయ్యా డాక్టరయ్యా, మమ్మల్నొదిలి పోతన్నావంటగా?"

"నీ దగ్గు సంగతి తేల్చడానికేనమ్మా వెళ్ళేది."

"దగ్గు ఈడుంటే నువ్వు ఆడికి పోయి ఏం తేలుస్తావయ్యా?"

పెదనాన్నగారు ఆవిడకు మందుల చీటీ రాసిచ్చి పంపేశారు. మర్నాడే, నెలలో ఒక వారం గుంటూరులో ఉండనివ్వాలని ఇంకో షరతు చేర్పించారు. నిబంధనలు ఒప్పుకోవనీ, పడకల సంగతి చేరాక పరిశీలిస్తామనీ, నెలలోగా అంగీకారం తెలపమనీ జవాబొచ్చింది.

నాలుగు రోజులు ఆలోచించి, ఏ షరతూ లేకుండా ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం చెప్పి రాయించి, సంతకం పెట్టారు. స్టాంపు అంటించి నేను చెప్పులేసుకుంటుంటే వెనక్కి పిలిచారు. "ఉండమ్మా, రేపు చూద్దాం." ఆ కవరు నా బల్ల సొరుగులో పడింది. రేపు ఎల్లుండయింది. పంపనా అని అడిగినప్పుడల్లా, ఈ పేషెంట్లను చూడనీ అనేవారు. పంపేవారూ కాదు, చింపేవారూ కాదు. ఆ కాలయాపన చూసి నేను వంటింట్లోకి వెళ్ళి పళ్ళు కొరుక్కునేదాన్ని గాని, పెద్దాయన ముందు నోరెత్తే అలవాటు మాకేదీ?

గడువు దాటిన వారానికి ఉత్తరం వచ్చింది. ఇంకొకరిని నియమించారట, వీలు చూసుకుని ఏడాదికోసారి పరీక్షాధికారిగా వచ్చి తమను గౌరవించమన్నారు. పెదనాన్నగారు దాన్ని మడిచి నా వైపు చూశారు.

"ఆ కవరు నువ్వు... పోస్టులో వేసెయ్యలేదు కదా?"

"లేదు పెదనాన్నగారూ. మీరు ఆగమన్నారుగా."

"అవునవును. ఆగమన్నాను" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆ ముఖం చూశాకే నాకు అర్థమైంది. తన వల్ల కాని పని నేనైనా చేసేసి ఉంటానని ఆయన లోలోపల ఆశపడ్డారు.

ఆయన పోయేదాకా అదే గదిలో, అవే దగ్గులకు చీటీలు రాశారు. ఆ పది పడకలు ఎక్కడా పడలేదు. నాకూ మరుసటేడు పెళ్ళయింది.

ఈ కాలం పిల్లలు పెద్దల మాటకు ఆగరనీ, ఎవరినీ అడక్కుండానే ఉద్యోగాలకు రాసేసుకుంటారనీ నా ఈడువాళ్ళు నలుగురూ చేరి వాపోతుంటారు. అందరూ తలలూపుతారు. నేను మాత్రం ఊపను.