రజియా గారి పతకాల జాబితా

నా తప్పు ముందే చెప్పేస్తాను. ఆ రోజు మధ్యాహ్నం, పద్దెనిమిది మంది కూర్చున్న గదిలో, రజియా గారు కనిపెట్టిన విషయాన్ని నేను కనిపెట్టినట్టు చెప్పాను. చెప్పాను అనడంలో కూడా కొంత గొప్ప ఉంది. మేనేజరు అడిగాడు, నేను తల ఊపాను, అంతే.

మొన్న శనివారం మా అమ్మాయిని ఎవరిదో పుట్టినరోజు విందుకని, మంచు మీద స్కేటింగ్ చేసే ఐస్ రింకుకి తీసుకెళ్ళాను. తలుపు తీయగానే ముఖానికి చలి కొట్టింది. దానితోపాటు తడిసిన రబ్బరు చాపల వాసన. మెల్‌బోర్న్ శివార్లలోని క్రెయిగీబర్న్ నుంచి నలభై నిమిషాలు కారు నడిపి వచ్చినవాణ్ణి, కాఫీ కూడా కొనకుండా బెంచీ మీద కూలబడ్డాను. అలాంటి బెంచీ మీదే పాతికేళ్ళ కిందట రజియా గారి పక్కన కూర్చున్నాను.

తొంభై తొమ్మిదిలో బాపట్ల నుంచి మెల్‌బోర్న్ వచ్చి దిగాను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. 2000 రాగానే కంప్యూటరు దాన్ని 1900 అనుకుంటుందని అందరూ హడలిపోతున్న రోజులవి. మాది ఒక పెన్షన్ నిధి కంపెనీ. నన్ను రజియా గారి పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడది చిలకలూరిపేట. నాకంటే పదేళ్ళు పెద్ద, కోబాల్ అనే పాత కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాసి పండిపోయిన మనిషి. భర్తకి కాన్‌బెర్రాలో ఉద్యోగం, ఆవిడ పదేళ్ళ కూతురు సనాతో ఇక్కడ.

మొదటి వారం నా ప్రోగ్రాం అచ్చుకాగితాలు తీసుకుని పెన్సిలుతో చదివారు.

"ఏమయ్యా సుధాకర్, ఇది నడుస్తుందా?"

"నడిచింది మేడం, టెస్ట్ చేశా."

"ఒకసారి నడిస్తే నడిచినట్టు కాదయ్యా. తాగినోడు కూడా ఒకసారి తిన్నగా నడుస్తాడు. మూడుసార్లు చూడు. మూడు రకాల డేటాతో."

నవ్వుతూనే అన్నారు. నేను చిన్నబుచ్చుకున్నాను. కానీ పని అంటే ఏమిటో నాకు నేర్పింది ఆవిడే. తొందరపడకపోవడం, తెలియనిది తెలియదని రాయడం, తప్పు దొరికితే సంతోషించడం. ఇవన్నీ నేర్చుకుంటూనే ఆవిడ మీద కుళ్ళుకున్నాను. మేనేజరు గ్రెగ్ ఏ సందేహం వచ్చినా నన్ను దాటుకుని ఆవిడ బల్ల దగ్గర ఆగేవాడు. రోజుకి ఎన్నిసార్లు ఆగాడో లెక్కపెట్టేవాణ్ణి. ఆవిడ డబ్బాలోని గోంగూర పచ్చడి తింటూనే, ఈవిడ లేకపోతే ఆ కుర్చీ నాదే కదా అనుకునేవాణ్ణి. అన్నం పెట్టిన చెయ్యి అని కూడా అనిపించలేదు.

ఒక శనివారం నన్ను రింకుకి రమ్మన్నారు. సనా అక్కడ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఒంటికాలి మీద మంచుపై ఎనిమిది అంకె గీసి, మళ్ళీ అదే గీత మీద మరో రెండుసార్లు తిరగాలి. ఇప్పుడు పోటీల్లో ఇది లేకపోయినా, పాతకాలపు మనిషైన ఆమె కోచ్ పట్టుబట్టి చేయిస్తుందట.

"మొదట్లో పోటీలంటే ఎక్కువ ఇదేనయ్యా," అన్నారు రజియా గారు. "జడ్జీలు మంచు మీద వంగి, గీత మీద గీత పడిందా లేదా అని చూసేవాళ్ళు."

కూతురి కోసం ఎదురుచూసే గంటల్లో ఆవిడ లైబ్రరీ పుస్తకాలు తిరగేసి ఒక జాబితా తయారుచేశారు. 1896లో రష్యాలో జరిగిన మొదటి ప్రపంచ పోటీ మొదలు, ఏ ఊళ్ళో ఎవరికి బంగారు పతకం, ఎవరికి వెండి, ఎవరికి కంచు. మొదటిసారి పోటీ చేసింది నలుగురే మగవాళ్ళు.

"నలుగురిలో మూడు పతకాలా? మనం వెళ్ళినా ఏదో ఒకటి వచ్చేది," అన్నాను.

"నాలుగోవాడి సంగతి ఆలోచించు పాపం," అని పకపకా నవ్వారు.

తర్వాత 1902 దగ్గర వేలు పెట్టారు. ఆ ఏడు లండన్‌లో ఒక స్త్రీ పోటీకి పేరిచ్చింది. ఆడవాళ్ళు రాకూడదని రూల్సులో రాయడం ఎవరికీ తోచలేదు, కాబట్టి ఆపలేకపోయారు. పొడుగు గౌనుతో మగవాళ్ళ మధ్య ఆడి వెండి గెలుచుకుంది. ఆ మరుసటి ఏడే ఆడవాళ్ళకి వీల్లేదని రూలు రాసేశారు.

"బంగారం వచ్చినాయన, ఇది నీదేనమ్మా అని తన పతకం ఆమెకి ఇచ్చేశాడని చెప్పుకుంటారు. నిజమో కాదో మరి. నిజమైతే బావుండు," అన్నారు.

సనా కంచె దగ్గరికి జారుకుంటూ వచ్చి, "మమ్మీ, డిడ్ యూ సీ మై ఎయిట్?" అంది.

"చూశానమ్మా. మూడోది కొంచెం పక్కకి పోయింది."

"ఓన్లీ ఎ లిటిల్!"

కూతురికీ నాకూ ఒకే మాట చెబుతున్నారని అప్పుడు గమనించాను. అదీ నాకు గిట్టలేదు.

అక్టోబరులో గ్రెగ్ ఒక మాట చెప్పాడు. కాంట్రాక్టులు డిసెంబరుతో సరి, ఒక్కరిని మాత్రం పర్మనెంటుగా తీసుకుంటారు. ఆ ఒక్కరు రజియా గారేనని అందరికీ తెలుసు. ఆవిడకి ఆ ఉద్యోగం కావాలి కూడా. సనా కోచ్ ఈ ఊళ్ళోనే ఉంది.

అప్పటికి మేము ప్రోగ్రాములన్నిటికీ ఒకే మందు వేస్తున్నాం. రెండంకెలు ముప్పైకి తక్కువైతే వాటి ముందు 20 చేర్చడం, లేకపోతే 19 చేర్చడం. రజియా గారు సరదాకి తన పతకాల జాబితాని, సంవత్సరానికి రెండంకెలతో, ఆ ప్రోగ్రాంలో వేసి చూశారు. 02లో వెండి గెలిచిన ఆమె 2002కి వెళ్ళిపోయింది.

"చూశావా, ఇంకా జరగని పోటీలో పతకం తెచ్చుకుంది," అని నవ్వినావిడ ఠక్కున ఆగిపోయారు. "సుధాకర్, మన పెన్షనర్లలో 02లో పుట్టినవాళ్ళు ఉండరా? వాళ్ళింకా పుట్టలేదనుకుంటే పెన్షన్ ఎవరిస్తారు?"

పుట్టినరోజులున్న ఫైళ్ళలో ఈ మందు పనిచేయదని, నాలుగంకెలు పెట్టాల్సిందేనని ఆవిడ రెండు రోజుల్లో రాసి పెట్టారు. రుజువుగా ఆ జాబితాని పైన జతచేశారు. మీటింగు రోజు పొద్దున ఫోనొచ్చింది. సనా రింకులో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆవిడ కోటు వేసుకుంటూ కాగితాలు నా చేతిలో పెట్టారు.

"గ్రెగ్‌కి ఇచ్చెయ్యవా నాయనా. నే చెప్పానని చెప్పు."

నేను పై కాగితం తీసేశాను. స్కేటింగు వాళ్ళ స్థానంలో మా పెన్షనర్ల వివరాలు వేసి, కింద నా పేరు టైపు చేశాను. గ్రెగ్ చదివి, "ఇది నువ్వే పట్టుకున్నావా?" అన్నాడు. తల ఊపాను. "గుడ్ ఆన్ యూ, మేట్!" గదంతా చప్పట్లు కొట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. టెస్ట్ ఫైళ్ళలో ఈ స్కేటింగ్ ఏమిటని గ్రెగ్ అడిగాడు. "రజియాది, ఆవిడ సరదా," అన్నాను. అతని ముఖం కొంచెం ముడుచుకుంది. అలా ముడుచుకోవాలనే అన్నాను.

ఉద్యోగం నాకొచ్చింది. దిద్దిన ప్రోగ్రాంలో, రాసినవారి పేరుకోసం కోబాల్‌లో మొదటే ఒక వరుస ఉంటుంది, అక్కడా నా పేరే పెట్టాను. డిసెంబరులో రజియా గారు తన బల్ల సర్దుకుంటూ, "ముసలోళ్ళ పెన్షన్ ఆగదు కదా," అని మాత్రం అడిగారు. ఆగదన్నాను. నా కళ్ళలోకి చూసి డబ్బా సంచిలో పెట్టుకున్నారు. ఆవిడ కుర్చీలో కూర్చున్నాక కూడా నా కుళ్ళు తగ్గలేదు. ఓడిపోయి కూడా అంత నిమ్మళంగా ఎలా వెళ్ళగలిగిందని కుళ్ళు.

2000 వచ్చింది, ఏ పెన్షనూ ఆగలేదు. ఫిబ్రవరిలో నాకు నా పేరు చెక్కిన గాజు జ్ఞాపిక ఇచ్చారు. దాన్ని చేతిలోకి తీసుకుంటుంటే తన బంగారు పతకం ఇచ్చేసినాయన గుర్తొచ్చాడు. రజియా గారు అప్పటికే భర్త దగ్గరికి వెళ్ళిపోయారు, ఆ శనివారమే కాన్‌బెర్రా బయల్దేరాను. ఆ ఊరి చివర గంగాలిన్‌లో, ఇంకా చెట్లు మొలవని కొత్త వీధిలో వాళ్ళ ఇల్లు. తలుపు తీసిన సనా లోపలికి తిరిగి, "మమ్మీ, ఇట్స్ సుధాకర్ అంకుల్," అంది. మణికట్టు బాగైంది. కాన్‌బెర్రాలో కొత్త కోచ్ ఎనిమిదులు గీయించదట.

జ్ఞాపిక బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"నాకు తెలియదనుకున్నావా? డిసెంబరులోనే తెలుసు."

"క్షమించండి మేడం. ఇది మీదే."

"ఇది తెచ్చి నా ఇంట్లో పెడితే నీ ఇల్లు శుభ్రమవుద్దా?" మొదటిసారి ఆవిడ గొంతు పెంచారు. "ఆ పిల్ల రెణ్ణెల్లు ఏడ్చింది తెలుసా, కోచ్ కోసం? ఆ గదిలో ఎంతమంది ఉన్నారు?"

"పద్దెనిమిది మంది."

"మరి నా ఒక్కదానికి చెప్తావేంటి? పో. టీ తాగి పో."

తాగాను. జ్ఞాపికని మళ్ళీ సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

సోమవారం గ్రెగ్‌ని అడిగి అందరినీ అదే గదిలోకి పిలిపించాను. నేను తీసేసిన పై కాగితాన్ని ఎందుకో పారేయలేదు. దాన్ని గోడకి అంటించి, 02 దగ్గర వేలు పెట్టి, ఇది ఎవరు పట్టుకున్నారో, నేనేం చేశానో, ఆవిడ గురించి ఏమన్నానో చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. ఆ మధ్యాహ్నమే గ్రెగ్ రజియా గారికి ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది. ఉద్యోగం ఇస్తామంటే, సనా కొత్త బడిలో కుదురుకుంటోందని ఆవిడ వద్దన్నారట. ఆ ఏడాది చివర్లో నన్ను వేరే విభాగానికి పంపేశారు. ఎందుకని అడగలేదు.

ఆ సోమవారం సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి ప్రోగ్రాం తెరిచాను. రాసినవారి పేరుండే వరుసలో నా పేరు చెరిపి ఆవిడ పేరు టైపు చేశాను. తర్వాత మూడు రకాల డేటాతో మూడుసార్లు నడిపి చూశాను. మూడోసారి పెన్షనర్లకి బదులు ఆవిడ జాబితానే, ఈసారి సంవత్సరానికి నాలుగంకెలతో, వేశాను. వెండి గెలిచిన ఆమె 1902లోనే, తన చోటనే ఉంది.