మూడో మలుపు దగ్గర మా బాబాయి

మా బాబాయికి వీడియో గేముల దుకాణం ఉంది. వ్యాపారం చేయడం మాత్రం పిన్నికే వచ్చు. ఆవిడ గాజు తలుపు పక్కన గల్లాపెట్టె ముందు కూర్చుని టోకెన్లు అమ్ముతుంది. ఆయన జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని ఆట మెషీన్ల మధ్య పెళ్ళిపెద్దలా తిరుగుతాడు.

ఈ వ్యాపారంలో కిటుకు ఒక్కటే. ఆడేవాళ్ళు త్వరగా ఓడిపోవాలి, ఇంకో టోకెన్ కొనాలి. ఎవరైనా ఓడిపోతుంటే మా బాబాయి ప్రాణం ఊరుకోదు. కారు పందెంలో ఎవరి కారు గోడకు గుద్దుకున్నా వెళ్ళి సీటు పక్కన నిలబడతాడు.

"మలుపు రాకముందే బ్రేకు వెయ్యమ్మా. ఆ, ఇప్పుడు తిప్పు!"

అలా నేర్చుకున్నవాళ్ళు ఒక్క టోకెన్‌తో ఎంతసేపైనా ఆ సీటు వదలరు. వెనక నిలబడ్డవాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోతారు. ఈయనేమో క్లాసంతా పాసైన మాస్టారిలా మురిసిపోతాడు.

మొన్న వేసవిలో అద్దె పెరిగింది. కట్టలేకపోతే ఖాళీ చేయమన్నాడు షాపు యజమాని. పిన్ని బాబాయిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టింది.

"ఇక నోరు విప్పారంటే ఈ దుకాణం మూసుకోవాల్సిందే. మీ ఇష్టం."

"వాళ్ళు గోడకి గుద్దేస్తుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"అదే మన సంపాదన!"

ఆ వారం గల్లాపెట్టె నిండింది. బాబాయి గల్లాపెట్టె పక్కన స్టూలు మీంచి కదల్లేదు. కారు గుద్దుకున్న చప్పుడు వినబడినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది.

తరువాతి వారం దుకాణం వెలవెలబోయింది. వరసగా ఓడినవాళ్ళు మళ్ళీ ఎందుకొస్తారు? డ్యూటీ దిగి వచ్చిన నర్సమ్మ ఒక్కతే ఆడుతోంది. ఆవిడా మొదటి మలుపులోనే గుద్దేసి, మిగిలిన టోకెన్లు తెచ్చి పిన్ని ముందు పెట్టింది.

"అన్నయ్యగారు ఏమీ చెప్పట్లేదేంటి? ఒంట్లో బాగోలేదా? ఆయన లేకపోతే ఏం ఆడతాంలెండి."

అమ్మిన టోకెన్ వెనక్కి తీసుకోవడం పిన్ని జన్మలో ఎరగదు.

"ఏమండీ, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారేం? వచ్చి చెప్పండి!" అని కేకేసింది. బాబాయి స్టూలు పడేసుకుంటూ లేచాడు. పిన్ని చొక్కా పట్టుకుని ఆపింది.

"రెండో మలుపు దాకానే చెప్పాలి. మూడోది వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు."

ఇప్పుడు జనం వస్తున్నారు, అద్దెకు డబ్బులు సరిపోతున్నాయి. మూడో మలుపు రాగానే బాబాయి రెండు చేతులతో నోరు మూసుకుంటాడు. ఆయన కుడికాలు మాత్రం అక్కడ లేని బ్రేకును గట్టిగా తొక్కుతుంది. ఆడేవాళ్ళందరూ ఆ కాలినే చూస్తున్నారని పిన్నికి ఇంకా తెలియదు. నేనైతే చెప్పను.